ట్రైనింగు ప్రయాణం, దారిలో నాలుగు ఊళ్లు

విదేశంలో ట్రైనింగుకు వెళ్తూ, పనిలో పనిగా నాలుగు ఊళ్లు చూసి రావడం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు. వీసా కాగితాలు, టికెట్లు, పరికరాల రవాణా తెలిసినవాళ్లు తలా కొన్ని రాశారు. అందరి జవాబుల్లోనూ ఒక మాట ఉమ్మడిగా వచ్చింది. ట్రైనింగు తేదీలు మీ చేతిలో ఉండవు కాబట్టి, చూడదలచుకున్న ఊళ్లు వీసా దరఖాస్తుకు ముందే కాగితం మీదికి ఎక్కాలి. వీసా వచ్చి, టికెట్ కొన్నాక పుట్టే కోరికలతోనే చిక్కులన్నీ.

ప్రశ్న: జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌లో 12 రోజుల ట్రైనింగు. అది అయ్యాక పారిస్‌లో నాలుగు రోజులు, రోమ్‌లో నాలుగు రోజులు ఉండాలని ఉంది. ఫ్రాన్స్, ఇటలీ వీసాలు వేరే తీసుకోవాలా? బిజినెస్ వీసా మీద టూరిస్టులా తిరిగితే తప్పవుతుందా?

జవాబు: వేరే వీసాలు అక్కర్లేదు. మూడూ షెంజెన్ దేశాలే, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమిలోవే. ఆ కూటమిలోని 29 దేశాలకూ ఒకటే స్వల్పకాలిక వీసా, దాన్నే సి టైప్ అంటారు. అయితే ఎవరికి దరఖాస్తు చేయాలన్నదే మొదటి మెలిక. ఎక్కువ రోజులు ఉండే దేశానికి, లేదా ప్రయాణానికి అసలు కారణమైన దేశానికి చేయాలి. రెండు లెక్కల్లోనూ మీది జర్మనీయే. రోజులు సమానంగా ఉండి, ఏది ముఖ్యమో తేలనప్పుడు మాత్రమే ముందుగా అడుగుపెట్టే దేశానికి వెళ్లాలి. మూడు రోజుల ట్రైనింగుకు పది రోజుల ఇటలీ తగిలించేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లను ‘ఇది ట్రైనింగా, విహారమా’ అని అధికారి నిలదీస్తే తప్పు పట్టలేం.

ట్రైనింగుతో పాటు ఊళ్లు చూడటం తప్పు కాదు, దాచడమే తప్పు. దరఖాస్తు ఫారంలో ప్రయాణ కారణం దగ్గర బిజినెస్‌తో పాటు టూరిజం కూడా చూపించవచ్చు. దాంతో పాటు ఒక పేజీలో రోజువారీ పట్టిక జతచేయండి. ఏ తేదీన ఏ ఊళ్లో ఉంటారు, ఎక్కడ బస, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రైలా విమానమా అన్నంత వరకు చాలు. కంపెనీ ఇచ్చే ఉత్తరంలో 12 రోజులు ట్రైనింగని, ఆ తర్వాతి 8 రోజులు సెలవు మంజూరైందని, ఆ 8 రోజుల ఖర్చు ఉద్యోగిదేనని విడివిడిగా రాయించుకోండి. ఎక్కువమంది తెచ్చే ఉత్తరంలో ట్రైనింగు తేదీలే ఉంటాయి, విమానం టికెట్ మాత్రం వారం తర్వాతది ఉంటుంది. మధ్యలో వారం ఎక్కడికి పోయిందో కాగితాల్లో కనిపించదు. అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు, షెంజెన్ మొత్తానికి, 20 రోజులకూ ఉండాలి. కంపెనీ పాలసీ చాలాసార్లు ట్రైనింగు ముగిసిన రోజుతో ఆగిపోతుంది. మిగతా రోజులకు మీరే పొడిగించుకోవాలి, లేదా వేరే పాలసీ తీసుకోవాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలోపు జారీ అయినదై, షెంజెన్ వదిలే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుతూ, రెండు ఖాళీ పేజీలతో ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. 15 రోజుల ముందు అన్నది ఆఖరి గడువు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, అదనంగా కాగితాలు అడిగితే 45 దాకా సాగవచ్చు. అందుకని గడువును నమ్ముకోకుండా, ఆహ్వాన పత్రం చేతికి రాగానే అపాయింట్‌మెంటు వెతకడం మొదలుపెట్టండి.

వీసా చేతికొచ్చాక స్టిక్కర్ మీద రెండు లెక్కలు చూడాలి. ఒకటి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అన్నది. రెండోది, ఆ మధ్యలో ఎన్ని రోజులు ఉండవచ్చు అన్నది. ప్రయాణం ముందూ వెనకా జరిగినా ఇబ్బంది లేకుండా మామూలుగా 15 రోజుల వెసులుబాటు కలిపి తేదీలు ఇస్తారు. రోజుల సంఖ్య మాత్రం అడిగినంతే ఉండవచ్చు. చివరి తేదీ ఇంకా దూరంగా ఉంది కదా అని ఇరవై రోజుల వీసా మీద ఇరవై మూడు రోజులు ఉన్నవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో దొరికిపోతారు. దిగిన రోజు, ఎక్కే రోజు రెండూ లెక్కలోకే వస్తాయి. పైగా 2025 అక్టోబరు 12 నుంచి రాకపోకల నమోదును దశలవారీగా ముద్రల నుంచి కంప్యూటర్‌కు మార్చారు. ఇక ముద్ర సరిగా పడలేదన్న వాదనకు తావు లేదు.

మధ్యలో లండన్ వెళ్లొద్దామన్న ఆలోచన గనుక ఉంటే ముందే చెప్పండి. బ్రిటన్, ఐర్లండ్ షెంజెన్‌లో లేవు. వాటి వీసా వేరు. అంతకన్నా ముఖ్యంగా, అటు వెళ్లి మళ్లీ షెంజెన్‌లోకి రావాలంటే మీ షెంజెన్ వీసాలో ఒకటి కన్నా ఎక్కువ ప్రవేశాలు ఉండాలి. ఒకే ప్రవేశం ఉంటే లండన్ రైలెక్కిన క్షణంలోనే అది ఖర్చయిపోతుంది.

ప్రశ్న: ఇమిగ్రేషన్ కౌంటర్లో ఎందుకొచ్చారని అడిగితే ఏం చెప్పాలి? మా ట్రైనింగులో యంత్రం మీద మేమే చేత్తో చేయాల్సి ఉంటుంది. అది ఉద్యోగం కిందికి వస్తుందా?

జవాబు: ‘పని మీద వచ్చాను’ అనడం మన నోటికి అలవాటు. పెళ్లికి వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా పని మీదే వెళ్తాం. దాన్ని యథాతథంగా ఇంగ్లీషులోకి తిప్పి ‘ఫర్ వర్క్’ అంటే, ఆ కౌంటర్లో దానికి ఒక్కటే అర్థం: ఈ దేశంలో ఉద్యోగం చేయడానికి వచ్చాడు. వెంటనే వర్క్ పర్మిట్ ఏదీ అని అడుగుతారు. ‘ట్రైనింగ్’ అనండి. ఎన్ని రోజులు, ఏ ఊరు, ఎవరిస్తున్నారు, తర్వాత ఎక్కడికి అన్నది ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా ఉండండి.

ఇక చేత్తో చేయడం. నేర్చుకోవడానికి యంత్రం విప్పి బిగించడం, నమూనా ముక్కలు కోయడం ట్రైనింగే. మీరు తయారుచేసిన ముక్క కొనుగోలుదారుకు వెళ్తుంటే, షిఫ్టులో ఒక మనిషి లోటు మీతో పూరిస్తుంటే, అది ఉత్పత్తి. చాలా దేశాల్లో విజిటర్ వీసా, బిజినెస్ వీసా దానికి చెల్లవు. జీతం ఎవరిస్తున్నారన్నది ఇంకో గీటురాయి. అమెరికాలో బి-1 (బిజినెస్ విజిటర్ వీసా) మీద వెళ్లినవాళ్లు అక్కడి సంస్థ నుంచి జీతం తీసుకోకూడదు. బస, భోజనం ఖర్చుల చెల్లింపు వేరు సంగతి. నెలల తరబడి సాగే ట్రైనింగులకు అక్కడ హెచ్-3, జె-1 వంటి ప్రత్యేక వీసాలున్నాయి. ‘అందరూ బి-1 మీదే వెళ్తున్నారు’ అన్న సహోద్యోగి మాట పట్టుకుని వెళ్లకండి.

ఆహ్వాన పత్రంలో ఉండాల్సినవి: మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, ట్రైనింగు మొదలయ్యే, ముగిసే తేదీలు, ఏ విషయం మీద, ఏ చిరునామాలో, జీతం ఎవరిది, బస ఎవరిది, అక్కడ ఫోన్ ఎత్తే మనిషి నంబరు. ఆ చివరిదే చాలా ఉత్తరాల్లో ఉండదు. ఆహ్వాన పత్రం ముద్రించిన ప్రతి చేతిసంచిలో పెట్టుకోండి. ఫోన్లో ఉందిలే అనుకుంటే, అవసరం పడిన చోటే నెట్ రాదు.

ప్రశ్న: కంపెనీ రానూపోనూ టికెట్ తీస్తోంది. నా సొంత ఊళ్లు ఇందులో ఎలా కలపాలి? ట్రైనింగుకు ముందు చూడాలా, తర్వాతా?

జవాబు: తర్వాతే. ముందు చూస్తే మనసు ట్రైనింగు మీద నిలవదన్నది పెద్దలు చెప్పే కారణం. అసలు కారణాలు వేరే ఉన్నాయి. ముందు పెట్టుకుంటే ఒక రైలు రద్దయినా, ఒక చోట సమ్మె జరిగినా మొదటి రోజు తరగతి పోతుంది. తర్వాత పెట్టుకుంటే పోయేది ఒక మ్యూజియం. సూట్‌కేసు రెండు రోజులు ఆలస్యమైతే అది వచ్చేసరికి మీరు ఇంకో దేశంలో ఉంటారు, అది మీ వెంట ఊరూరా తిరుగుతుంది. ఒకే ఊళ్లో 12 రోజులు ఉంటే నేరుగా హోటల్‌కు వచ్చి చేరుతుంది. ముందు ఒక రోజు మాత్రం తప్పక ఉంచుకోండి, అది నిద్రకు.

టికెట్ విషయానికొస్తే, మీకు కావాల్సింది ష్టుట్‌గార్ట్‌లో దిగి రోమ్‌లో ఎక్కే టికెట్. దీన్ని ఓపెన్-జా అంటారు. బుకింగ్ సైట్లలో ‘మల్టీ సిటీ’ కింద దొరుకుతుంది. చాలాసార్లు మామూలు రానూపోనూ టికెట్‌కు దగ్గర ధరలోనే వస్తుంది. రెండు విడి ఒంటిదారి టికెట్లు కొంటే ఖరీదు చాలా పెరగవచ్చు. ఓపెన్-జాతో రోమ్ నుంచి మళ్లీ ష్టుట్‌గార్ట్‌కు పరుగెత్తే ఒక రోజు, ఆ ఛార్జీ రెండూ మిగులుతాయి.

కంపెనీని ఒప్పించడం కష్టమేమీ కాదు, లెక్క చూపిస్తే చాలు. మీ దారి ధర అడిగిన రోజే, అదే క్లాసులో, ట్రైనింగుకు మాత్రమే వెళ్లివచ్చే టికెట్ ధర ఎంతో చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. తేడా మీరు కట్టుకుంటారు. రెండు ధరలూ ఒకే రోజువి కాకపోతే లెక్క తేలదు. మూడు వారాల తర్వాత అకౌంట్స్ వాళ్లు వెనక్కి పంపే బిల్లుల్లో ఈ రకానివి చాలా ఉంటాయి.

ఇప్పుడు అసలు ప్రమాదం. టికెట్‌లోని ఒక మెట్టు వదిలేస్తే మిగతావన్నీ రద్దవుతాయి. ఉదాహరణకు తిరుగు టికెట్ ష్టుట్‌గార్ట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి ఇంటికి అనుకుందాం. మీరు పారిస్‌లో ఉన్నారు. మళ్లీ ష్టుట్‌గార్ట్ ఎందుకు, రైల్లో నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్ పోయి అక్కడ ఎక్కుదామనిపిస్తుంది. చాలా ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు. మొదటి విమానానికి రాలేదు కాబట్టి రెండో దానిలో మీ సీటు అప్పటికే పోయి ఉంటుంది. ముందే ఫోన్ చేసి టికెట్ మార్పించుకోవాలి, దానికి రుసుము ఉండవచ్చు. ఆఖరి మెట్టు వదిలేస్తే రద్దు కావడానికి వెనక ఏమీ మిగలదు. కానీ చెక్-ఇన్ చేసిన సంచి టికెట్ చివరి ఊరిదాకా వెళ్తుంది, దాన్ని మధ్యలో చేతికివ్వరు.

దారిలో ఆగడానికి రెండు పేర్లున్నాయి, తేడా గుర్తుంచుకోండి. అంతర్జాతీయ ప్రయాణంలో 24 గంటల లోపు ఆగితే ట్రాన్సిట్, దాటితే స్టాపోవర్. ట్రాన్సిట్‌లో సామాను మామూలుగా చివరి ఊరికే వెళ్తుంది, ఛార్జీ మారదు. స్టాపోవర్‌లో సంచి మీ చేతికొస్తుంది, ఛార్జీ మారవచ్చు. ఐస్‌లాండ్‌ఎయిర్ లాంటి కొన్ని సంస్థలు అట్లాంటిక్ దాటేవాళ్లకు రెక్యావిక్‌లో అదనపు విమాన ఛార్జీ లేకుండా ఏడు రాత్రుల దాకా ఆగనిస్తాయి. కౌంటర్లో సంచికి కట్టే చీటీ మీద ఉండే మూడక్షరాల ఊరి కోడ్ చదవడం అలవాటు చేసుకోండి. సంచి ఎక్కడ దిగుతుందో నోటిమాట కన్నా ఆ చీటీయే ఖాయంగా చెబుతుంది.

ప్రశ్న: దారిలో 8 గంటల ఆగుడు ఉంది. బయటికి వెళ్లి ఊరు చూసి రావచ్చా?

జవాబు: ముందు వీసా, తర్వాత కూడికలు తీసివేతలు.

దిగి ఇమిగ్రేషన్ దాటేసరికి గంట నుంచి గంటన్నర. తర్వాతి విమానానికి రెండున్నర గంటల ముందు వెనక్కి చేరాలి. 8లోంచి 4 పోయాయి. మిగిలిన 4లో రానూపోనూ ప్రయాణం తీసేయాలి. అందుకే ఊరి పేరు చూసి కాకుండా విమానాశ్రయానికీ ఊరికీ మధ్య దూరం చూసి నిర్ణయించాలి. జూరిచ్‌లో విమానాశ్రయం కింది నుంచే రైలు, ప్రధాన స్టేషన్‌కు పది పన్నెండు నిమిషాలు. కోపెన్‌హాగన్‌లో మెట్రో పావుగంట. మూడు గంటలకు పైగా ఊళ్లో ఉండొచ్చు. ఇస్తాంబుల్ కొత్త విమానాశ్రయం పాత ఊరికి దాదాపు 40 కిలోమీటర్లు, పైగా ఆ ట్రాఫిక్! టోక్యోలో హనేదా దగ్గర, నరితా 60 కిలోమీటర్లు. నరితాలో 8 గంటలుంటే టోక్యో జోలికి పోకుండా నరితా ఊళ్లోని షిన్‌షోజీ గుడి చూసి రండి. రైల్లో పది నిమిషాలు, ఆపైన కాస్త నడక.

సింగపూర్ చాంగీలో ఐదున్నర నుంచి 24 గంటల మధ్య ఆగేవాళ్లకు ఉచిత నగర పర్యటన ఉంది. ఇస్తాంబుల్‌లో టర్కిష్ ఎయిర్‌లైన్స్ తన అంతర్జాతీయ ప్రయాణికులకు 6 నుంచి 24 గంటల ఆగుడు ఉంటే ఇలాంటిదే నడుపుతుంది. ట్రాఫిక్ బాధ్యత వాళ్లది కాబట్టి అక్కడ సొంతంగా వెళ్లడం కన్నా ఇదే మేలు. రెండిట్లోనూ దేశంలోకి అడుగుపెట్టాల్సిందే. మీ పాస్‌పోర్టుకు వీసా అవసరమైతే పర్యటన ఉచితమైనా వీసా తప్పదు. సింగపూర్‌కు రాకకు మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్ అరైవల్ కార్డ్ కూడా నింపాలి.

బయటికి వెళ్లకపోయినా వీసా కావాల్సిన చోట్లున్నాయి. అమెరికాలో విమానం మారాలన్నా ఇమిగ్రేషన్ దాటాలి, సామాను సాధారణంగా మొదట దిగిన చోటే తీసుకుని మళ్లీ అప్పగించాలి. షెంజెన్‌లో ఇంకో ఉచ్చు ఉంది. బయటి నుంచి వచ్చి పారిస్‌లో దిగి, అక్కడి నుంచి మ్యూనిక్ పోయి, మ్యూనిక్ నుంచి షెంజెన్ బయటి దేశానికి వెళ్లే టికెట్లు చౌకగా కనిపిస్తుంటాయి. పారిస్ నుంచి మ్యూనిక్ విమానం వాళ్ల దృష్టిలో దేశంలోపలి ప్రయాణమే. కాబట్టి షెంజెన్ వీసా అవసరమున్న పాస్‌పోర్టయితే పూర్తి సి వీసా ఉండాలి, విమానాశ్రయ ట్రాన్సిట్ వీసా చాలదు. ఇది తెలియక బయలుదేరిన ఊళ్లోనే చెక్-ఇన్ దగ్గర ఆగిపోతుంటారు.

ప్రశ్న: ట్రైనింగుకు కొలత పరికరాలు, కార్డ్‌లెస్ డ్రిల్లు, రెండు నమూనా భాగాలు తీసుకెళ్లాలి. కస్టమ్స్‌లో సుంకం కట్టాలా? బ్యాటరీలు ఎందులో పెట్టాలి?

జవాబు: ల్యాప్‌టాప్, ఫోన్ లాంటి సొంత వస్తువులకు ఏమీ అక్కర్లేదు. ఖరీదైన పరికరాలు సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లి వెనక్కి తేవడానికి ఏటీఏ కార్నే అనే పత్రం ఉంది. వాణిజ్య మండళ్లు ఇస్తాయి, ఏడాది వరకు చెల్లుతుంది. పచ్చ అట్ట లోపల పసుపు, తెలుపు, నీలం ఓచర్లుంటాయి. సొంత దేశం నుంచి బయటికి, మళ్లీ లోపలికి పసుపు. అవతలి దేశంలోకి వెళ్లడానికి, రావడానికి తెలుపు. దేశం మీదుగా దాటించడానికి నీలం. ప్రతి సరిహద్దులోనూ కస్టమ్స్ ముద్ర మీరే అడిగి వేయించుకోవాలి. వాళ్లు పిలిచి వేయరు. హడావిడిగా ఆకుపచ్చ దారిలో (కస్టమ్స్‌కు చూపించాల్సినవేమీ లేనివాళ్ల దారి) బయటికి వచ్చేస్తే, నెలల తర్వాత ‘వస్తువు మా దేశంలోనే ఉండిపోయింది, సుంకం కట్టండి’ అని నోటీసు వస్తుంది. నూనె, గ్రీజు, పంచిపెట్టే బహుమతులు ఇందులో చేర్చకూడదు, అవి తిరిగి రావు కాబట్టి.

ఊళ్లు చూసే సరదా ఇక్కడ కూడా అడ్డు తగులుతుంది. యూరోపియన్ యూనియన్ అంతా కస్టమ్స్‌కు ఒకే ప్రాంతం. జర్మనీ నుంచి ఫ్రాన్స్ వెళ్తే ముద్ర అక్కర్లేదు. స్విట్జర్లాండ్ షెంజెన్‌లో ఉంది గానీ యూనియన్‌లో లేదు. పరికరాల పెట్టెతో జూరిచ్‌లో ఒక రాత్రి ఆగితే ఇంకో జత తెల్ల ఓచర్లు కావాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే ట్రైనింగు అయిన రోజే పెట్టెను కొరియర్లో కార్నేతో సహా పంపేయండి. నాలుగు కిలోల మైక్రోమీటర్ పెట్టె మోస్తూ కొలోసియం చూడటంలో సుఖమేమీ లేదు.

బ్యాటరీల లెక్క సులువు. వోల్టులు, ఆంపియర్-అవర్లు గుణిస్తే వాట్-అవర్లు. 18 వోల్టుల డ్రిల్లుకు 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అయితే 90. అది 100 లోపే, ఇబ్బంది లేదు. అదే 6 ఆంపియర్-అవర్లదైతే 108. 100 నుంచి 160 మధ్యవి ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతితో రెండు వరకే. 160 దాటితే ప్రయాణికుల విమానంలో ఎక్కనివ్వరు. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతిసంచిలోనే పెట్టాలి, కొనలకు టేపు వేయాలి. డ్రిల్లు, స్పానర్లు, బిట్లు చెక్-ఇన్‌లో. పవర్ బ్యాంకు మీద మిల్లీ ఆంపియర్-అవర్లు రాసి ఉంటే 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 అంటే 74 వాట్-అవర్లు. అంకెలు చెరిగిపోయిన పాతది వెంట తీసుకెళ్లొద్దు, చదవలేకపోతే లాక్కుంటారు. చైనాలో 2025 జూన్ 28 నుంచి దేశీయ విమానాల్లో 3సీ ముద్ర (చైనా భద్రతా ధ్రువీకరణ) లేని పవర్ బ్యాంకును అసలు ఎక్కనివ్వరు.

ఛార్జర్ల మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ప్లగ్గు అడాప్టర్ ఒక్కటే చాలు. జపాన్‌లో 100 వోల్టులు, తూర్పున 50 హెర్ట్జ్, పడమర 60. తొలినాళ్లలో టోక్యో జర్మనీ జనరేటర్లు, ఒసాకా అమెరికా జనరేటర్లు కొన్న ఫలితం అది, ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. ఛార్జరుకు పట్టింపు లేదు గానీ, మోటారున్న పరికరం తీసుకెళ్తే లేబుల్ చూడాల్సిందే.

ప్రశ్న: జపాన్‌లోని నగోయాలో మూడు నెలల ట్రైనింగు. జేఆర్ పాస్ (జపాన్ రైల్వే పాస్) కొని వారాంతాల్లో క్యోటో, హిరోషిమా చూడొచ్చా?

జవాబు: మీరు ఏ హోదాతో దిగుతున్నారో ముందు చూసుకోండి. దేశమంతటికీ చెల్లే జేఆర్ పాస్ ‘తాత్కాలిక సందర్శకుడు’ అన్న ముద్ర పాస్‌పోర్టులో ఉన్న విదేశీయులకే ఇస్తారు. ట్రైనీ హోదాతో వచ్చినవాళ్లకు చెల్లదు. ఓచరు కొనుక్కుని వెళ్లి, మార్పిడి కౌంటర్లో ఈ సంగతి తెలుసుకున్నవాళ్లున్నారు. కొన్ని ప్రాంతీయ పాస్‌లకు షరతులు వేరు, కొనేముందు ఎవరికి చెల్లుతుందన్న వాక్యమే మొదట చదవండి.

నిజానికి పాస్ లేకపోయినా మీకు పెద్ద నష్టం లేదు. దాని లెక్క వరసగా ఏడు, పద్నాలుగు, లేదా ఇరవై ఒక్క రోజులకు. వారంలో ఐదు రోజులు తరగతిలో కూర్చునేవాళ్లకు అది గిట్టదు. నగోయా నుంచి క్యోటోకు నొజోమి అనే బుల్లెట్ రైల్లో 35 నిమిషాలు, విడి టికెట్ కొనుక్కుంటే సరిపోతుంది. ఊళ్లో తిరగడానికి సుయికా, మనకా లాంటి తాకించే కార్డు ఒకటి చాలు. అయితే టోక్యో ప్రాంతంలో తాకించి లోపలికి వెళ్లి నగోయాలో తాకించి బయటికి రావడం కుదరదు. ఒక్కో ప్రాంతం దాని హద్దులోనే పనిచేస్తుంది.

పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటే పెట్టెతో తొకాయిదో, సన్యో, క్యూషూ మార్గాల షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కాలంటే దానికి స్థలమున్న సీటు ముందే రిజర్వు చేయాలి. 250 దాటితే ఎక్కనివ్వరు. అక్కడివాళ్లు చేసే పని ఇంకొకటుంది: తక్కుబిన్. పెద్ద పెట్టె ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కు పంపిస్తారు, ఎక్కువ చోట్లకు మర్నాటికి చేరుతుంది. చేతిలో ఒక్క రాత్రి బట్టలతో హాయిగా తిరగవచ్చు.

క్యోటో గుళ్ల హడావిడిలో నగోయానే మరిచిపోకండి. టొయోటా పారిశ్రామిక సాంకేతిక మ్యూజియంలో మగ్గాలు నడిపి చూపిస్తారు. కార్ల కంపెనీ పుట్టింది మగ్గాల కంపెనీ కడుపునే కదా. సోమవారం సెలవు. రైళ్ల మ్యూజియమైన రైల్వే పార్కుకు సెలవు మంగళవారం.

ప్రశ్న: యూరప్‌లో ట్రైనింగు శుక్రవారం సాయంత్రం ముగుస్తుంది. సోమవారం తిరుగు ప్రయాణం. ఏది ముందు, ఏది వెనక?

జవాబు: మూసి ఉండే రోజులు చూసి ఊళ్లు ఎంచుకోండి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు, బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. అక్కడి ఓర్సే మ్యూజియానికి సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియాలకు ఆదివారం సెలవు. నెల చివరి ఆదివారం మాత్రం మధ్యాహ్నం దాకా ఉచితం, దానికి తగ్గ జనమూ ఉంటారు. మిలాన్‌లో డావిన్సీ ‘చివరి విందు’ చిత్రానికి ఒక్కో బృందానికి 15 నిమిషాలే, సోమవారం మూత. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ఆరు వారాల ముందు, ప్రతి మంగళవారం విడుదలవుతాయి. ట్రైనింగు తేదీలు తెలిసిన రోజే క్యాలెండర్‌లో ఆ మంగళవారాన్ని గుర్తు పెట్టుకోవాలి. ష్టుట్‌గార్ట్‌లో ఉన్నవాళ్లకు మెర్సిడెస్, పోర్షే మ్యూజియాలు రెండూ ఆదివారం ఉంటాయి, సోమవారం ఉండవు. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి కొనాల్సినవి శనివారమే కొనేయాలి.

ష్టుట్‌గార్ట్ నుంచి పారిస్‌కు నేరు హైస్పీడ్ రైలు మూడు గంటల పైచిలుకు. శుక్రవారం సాయంత్రం వెళ్లి ఆదివారం రావడం కుదురుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆ రోజు ఆఖరి రైలు కొనకండి, దానికి ముందుది కొనండి. ఇటలీలో ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం దగ్గర మెషిన్‌లో ముద్ర కొట్టించాలి. లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది.

ప్రశ్న: జెట్ లాగ్‌తో మొదటి మూడు రోజులు తరగతిలో కునికిపాట్లు. మార్గం?

జవాబు: శరీరం సుమారుగా రోజుకు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. తూర్పుకు వెళ్తే ఎక్కువ బాధ, ఎందుకంటే రోజును సాగదీయడం కన్నా కుదించడం ఒంటికి కష్టం. బయలుదేరే మూడు రోజుల ముందు నుంచి తూర్పుకైతే గంట ముందు, పడమరకైతే గంట ఆలస్యంగా పడుకోండి. దిగిన రోజు పగటి వెలుగులో నడవండి, కునుకు తీయాల్సి వస్తే 20 నిమిషాలే. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు.

ప్రశ్న: సూట్‌కేసు రాలేదు. మర్నాడే ట్రైనింగు. ఏం చేయాలి?

జవాబు: కస్టమ్స్ దాటి బయటికి రాకముందే బ్యాగేజీ కౌంటర్లో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోండి. చిరునామాగా ట్రైనింగు జరిగే ఊళ్లోని హోటల్ ఇవ్వండి. కొన్న బట్టలకు, సబ్బుకు, టూత్‌బ్రష్‌కు బిల్లులు దాచండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సంచి పాడైతే అందుకున్న 7 రోజుల్లో, ఆలస్యమైతే అది చేతికొచ్చిన 21 రోజుల్లో ఎయిర్‌లైన్‌కు రాతపూర్వకంగా అడగాలి. కౌంటర్లో ఇచ్చిన ఫిర్యాదుతో సరిపోతుందనుకుని చాలామంది ఈ రెండో ఉత్తరం రాయరు. సేఫ్టీ షూ తప్పనిసరైన ట్రైనింగయితే అవి కాళ్లకే వేసుకుని వెళ్లండి. స్కానర్ దగ్గర విప్పమంటారు, విప్పండి. అవి లేకపోతే వర్క్‌షాపు గుమ్మం దాటనివ్వరు, పైగా మీ కొలత అక్కడ దొరకకపోవచ్చు.

ప్రశ్న: యూరప్‌లో కొన్నవాటికి పన్ను వాపసు వస్తుందట కదా?

జవాబు: యూరోపియన్ యూనియన్ బయట స్థిరనివాసం ఉన్నవాళ్లకు వస్తుంది. దుకాణంలోనే పాస్‌పోర్టు చూపించి ఫారం అడగాలి, తర్వాత ఇవ్వరు. ఒక్క దుకాణంలో కనీసం ఎంత కొనాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కొన్న నెల కాక తర్వాతి మూడు నెలల్లోపు వస్తువు యూనియన్ దాటాలి. ముద్ర పడేది యూనియన్ వదిలే ఆఖరి చోట. పారిస్‌లో కొని రోమ్‌లో విమానమెక్కితే ముద్ర రోమ్‌లో. రోమ్ నుంచి జూరిచ్ మీదుగా ఇంటికెళ్తున్నా రోమ్‌లోనే, స్విట్జర్లాండ్‌లో వేయరు. వస్తువు చూపించమంటారు కాబట్టి సూట్‌కేసు చెక్-ఇన్‌లో ఇచ్చేయకముందే కస్టమ్స్ బల్ల దగ్గరికి వెళ్లాలి. ఆ వరస కోసం ఒక గంట ముందే బయలుదేరండి. కార్డు మీద చెల్లించేటప్పుడు ‘మీ దేశపు కరెన్సీలోనా, యూరోల్లోనా’ అని మెషిన్ అడిగితే యూరోలే నొక్కండి. మొదటిది నొక్కితే మారకం రేటు దుకాణం తరఫు సంస్థ తనకు అనువైనది వేసుకుంటుంది.